బోధనా గదిలో గోడ పటములు, క్యూఆర్ కోడ్‌లు: క్రైస్తవ విద్యా దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

మన సండే స్కూల్ గదులలోను, వేదాంత కళాశాలల తరగతి గదులలోను గోడలు ఖాళీగా ఉండవు. ప్రత్యక్ష గుడారపు పటము, పౌలు సువార్త ప్రయాణముల పటము, యుగముల చార్టు, పన్నెండుమంది శిష్యుల బొమ్మలు – వీటిలో ఒకటైనను లేని గది అరుదు. తెచ్చి తగిలించిన వారములో అందరూ వాటిని చూస్తారు. నెల గడిచేసరికి అవి గోడలో భాగమైపోతాయి. ఒకసారి మా తరగతిలో విద్యార్థులను కన్నులు మూసుకొనమని చెప్పి, వెనుక గోడమీద ఉన్న పటములో యెరూషలేము ఏ ప్రక్క ఉన్నదని అడిగాము. ఇరవైమందిలో ఇద్దరే చేయి ఎత్తారు. వారిలో ఒకరు చెప్పినది తప్పు.

ఇటీవలి సంవత్సరములలో అనేక పాఠశాలలు గోడ పటములమీద క్యూఆర్ కోడ్‌లు అతికించి, ఫోన్‌తో స్కాన్ చేసినవారికి శబ్దమో, చిత్రమో, ప్రశ్నయో అందునట్లు ఏర్పాటు చేస్తున్నాయి. సంఘములలో కూడ ఈ ఆసక్తి పెరుగుచున్నది. ఇది ఎట్లు పనిచేస్తుంది, మన గదులలో దీనిని ఎట్లు వాడవచ్చును, ఎక్కడ జాగ్రత్తపడవలెను అను విషయములను ఈ వ్యాసములో పరిశీలిద్దాము. మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. కోడ్ అతికించినంత మాత్రాన పటము మాట్లాడదు. పటము ఎదుట నిలిచిన విద్యార్థికి ప్రశ్న పుట్టవలెను, ఆ ప్రశ్నకు మనకు సంబంధించిన ఒక మనిషి స్వరము జవాబు చెప్పవలెను. ఈ రెంటి నడుమ కోడ్ ఒక తలుపు మాత్రమే.

లేఖనములలో మూడు విధముల ప్రదర్శన

దేవుడు తన ప్రజల కన్నుల ఎదుట నిలుపుమని ఆజ్ఞాపించినవి అన్నియు ఒకే విధమైనవి కావు. ద్వితీయోపదేశకాండము 27వ అధ్యాయములో ఏబాలు కొండమీద పెద్ద రాళ్లు నిలిపి, సున్నము పూసి, ధర్మశాస్త్ర వాక్యములను వాటిమీద స్పష్టముగా వ్రాయవలెనని ఉన్నది. ఇది పూర్తి పాఠమును చూపు ప్రదర్శన. హబక్కూకు 2:2లో ప్రవక్త పలకలమీద వ్రాయవలసినది పరుగెత్తువాడు సైతము చదువగలిగినంత తేటగా ఉండవలెను. (చదివినవాడు పరుగెత్తునట్లు అని ఆ వచనమును అర్థము చేసుకొనువారును ఉన్నారు.) ఇది సంక్షిప్త ప్రకటన.

మూడవది యెహోషువ 4వ అధ్యాయములో ఉన్నది. యొర్దాను నడుమనుండి ఎత్తి గిల్గాలులో నిలిపిన పన్నెండు రాళ్లమీద ఏమైనను వ్రాసినట్లు వాక్యము చెప్పదు. అవి మూగ రాళ్లు. అయితే 6వ వచనములోను, 21వ వచనములోను పిల్లలు వాటిని చూచి అడుగుదురని ఉన్నది. 7, 22 వచనములలో పెద్దలు నోరు తెరచి జవాబు చెప్పవలెనని ఉన్నది. రాయి పని ప్రశ్న పుట్టించుట. జవాబు చెప్పు పని రాతికి అప్పగింపబడలేదు. మన గోడ పటములలో ఎక్కువ భాగము ఏబాలు రాళ్ల వంటివి. సమస్తము వాటిమీదనే వ్రాసి ఉన్నది గనుక ఎవరును ఏమియు అడుగరు. అవి కూడ కావలసినవే. కాని గిల్గాలు రాయి లేని గదిలో పిల్లలు మౌనముగా ఉంటారు.

సంఘ చరిత్రలోను ఈ చర్చ పాతదే. మార్సెయి పట్టణపు బిషప్పు సెరేనస్ దేవాలయములోని చిత్రములను పగులగొట్టించినప్పుడు, మహా గ్రెగరీ 599లోను 600లోను అతనికి ఉత్తరములు వ్రాశాడు. చిత్రములను పూజింపకుండ ఆపుట మంచిదే గాని పగులగొట్టుట తప్పనియు, చదువరానివారు గోడలను చూచి నేర్చుకొందురనియు ఆయన వాదన. ఆ తరువాత వెయ్యేండ్లకు మొరావియా దేశస్థుడైన కొమేనియస్ 1658లో నురెంబెర్గులో పిల్లల కొరకు ఒక బొమ్మల పుస్తకము ప్రచురించాడు. లాటిను, జర్మను భాషలలో ఉన్న ఆ పుస్తకములో ప్రతి బొమ్మలోని వస్తువులకు చిన్న అంకెలు ఉంటాయి. బొమ్మలో 3 అని ఉన్నచోటునుండి పిల్లవాని కన్ను ప్రక్కనున్న పాఠములో 3 అను మాటకు వెళ్తుంది. ఆ కొమేనియస్ సహోదరుల ఐక్య సంఘమునకు బిషప్పు అను సంగతిని విద్యాశాస్త్ర పుస్తకములు తరచుగా మరచిపోతాయి, మనము మరువనక్కరలేదు. ఈనాటి కోడ్ చేయుచున్న పని ఆ అంకె చేసిన పనియే. బొమ్మలోని ఒక చోటును మరియొక చోటనున్న మాటతో కలుపుట.

మన ప్రాంతములో ఫ్లానెల్ గ్రాఫ్ బోర్డు కూడ ఇటువంటిదే. దావీదును పెట్టి గొల్యాతును తీసివేయుచుండగా పిల్లలు ముందుకు జరిగి కూర్చునేవారు. అనేక సంఘములలో ఆ బోర్డు ఇప్పుడు బీరువా వెనుక ఉన్నది. దానిని పారవేయవద్దని మా మనవి.

ఈ గళ్ల చతురస్రము ఎట్లు పనిచేయును?

1994లో జపానుకు చెందిన డెన్సో సంస్థలో మసహీరో హారా అను ఇంజనీరు, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. కార్ల విడిభాగముల పెట్టెలమీద అంతకుముందు చారల బార్‌కోడ్‌లు ఉండేవి. ఒక్కొక్క దానిలో ఇరవై అక్షరములకు మించి పట్టకపోవుట వలన కార్మికులు ఒకే పెట్టెకు అనేక కోడ్‌లు చదివించవలసి వచ్చేది. నలుపు తెలుపు రాళ్లతో ఆడు గో అను ఆట పలక హారాకు ఈ ఆలోచననిచ్చినది. చారలలో సమాచారము అడ్డముగా మాత్రమే ఉంటుంది, గళ్లలో నిలువుగాను అడ్డముగాను ఉంటుంది. సంస్థ పేటెంటు తన యొద్ద ఉంచుకొనినను అందరూ ఉచితముగా వాడుకొనుటకు విడిచిపెట్టినది. 2000లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైనది. ఇప్పుడు టీ బంకు మొదలుకొని మందుల దుకాణము వరకు చెల్లింపుల కొరకు దీనిని చూస్తున్నాము. 2017 సెప్టెంబరు 5న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన దీక్షా వేదికతో కలుపుచు పాఠ్యపుస్తకములలోను ఇవి ముద్రింపబడుచున్నాయి. మహారాష్ట్రలోని సోలాపూర్ జిల్లా పరితేవాడి గ్రామ ఉపాధ్యాయుడు రంజిత్‌సిన్హ్ డిసలే ఇటువంటి కృషికే 2020లో ప్రపంచ ఉపాధ్యాయ బహుమానము పొందాడు. పల్లెటూరి బడిలో ఇది సాధ్యముకాదను వారికి ఆయన పని జవాబు.

కోడ్‌ను దగ్గరగా చూచినయెడల మూడు మూలలలో మూడు పెద్ద చతురస్రములు కనబడతాయి. కోడ్ ఎక్కడ ఉన్నదో, ఎటు తిరిగి ఉన్నదో కెమెరాకు చెప్పునవి అవే. అందువలన తలక్రిందులుగా అతికించినను అది చదువబడుతుంది. చుట్టును నాలుగు గళ్ల వెడల్పున తెల్లని అంచు ఉండవలెను. పటమును అందముగా చేయవలెనను కోరికతో మన విద్యార్థులు ఈ అంచులోనికి పూలతీగలు గీస్తారు, ఆపై కోడ్ పనిచేయుట లేదని వస్తారు. మరియొక విశేషము, కొంత భాగము చెరిగిపోయినను మిగిలినదానినిబట్టి సమాచారమును తిరిగి కూర్చుకొను ఏర్పాటు. దీనికి నాలుగు స్థాయిలు ఉన్నాయి. అతి తక్కువ స్థాయిలో సుమారు 7 శాతము, అతి ఎక్కువ స్థాయిలో సుమారు 30 శాతము నష్టమును అది సరిచేసుకొనగలదు. పిల్లల చేతులు తగులు గోడకు పై స్థాయియే మంచిది, అయితే స్థాయి పెరిగినకొలది గళ్ల సంఖ్య కూడ పెరుగుతుంది.

ముద్రణ విషయములో ఒక వాడుక సూత్రము ఉన్నది. ఎంత దూరమునుండి స్కాన్ చేయవలెనో అందులో పదవ వంతు వెడల్పు ఉండవలెను. ఒక మీటరు దూరమునకు 10 సెంటీమీటర్లు. లేత రంగు మీద ముదురు రంగు ఉండవలెను. మెరిసే ఫ్లెక్సీ మీద, లామినేషన్ మీద ట్యూబులైటు ప్రతిబింబించి కెమెరాను తికమకపెడుతుంది. జిరాక్స్ షాపులో మామూలు కాగితముపై తీసి అతికించినదే మాకు బాగుగా పనిచేసినది. పిల్లల గదిలో కోడ్ పిల్లల భుజము ఎత్తున ఉండవలెను గాని సండే స్కూల్ సూపరింటెండెంటు భుజము ఎత్తున కాదు.

లింకా, నేరుగా మాటలా?

కోడ్‌లో రెండు విధములుగా విషయము పెట్టవచ్చును. ఒకటి, వేరొక చోటనున్న శబ్దమునకో చిత్రమునకో దారి చూపు లింకు. దీనికి నెట్ కావలెను. రెండవది, మాటలనే నేరుగా గళ్లలో నింపుట. దీనికి నెట్ అక్కరలేదు, సిగ్నల్ లేని పల్లెలో కూడ పనిచేస్తుంది. అయితే ఇక్కడ తెలుగువారమైన మనకు ఒక ఇబ్బంది ఉన్నది. ఇంగ్లీషు అక్షరము కంప్యూటరులో ఒక బైటు స్థలము తీసుకొనును. తెలుగులో ప్రతి అక్షరము, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి పొల్లు విడివిడిగా మూడేసి బైట్లు తీసుకొనును. ‘క్రీస్తు’ అను మాట కంటికి రెండక్షరములే, కాని లోపల ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. ‘పౌలు త్రోయలో ఏ దర్శనము చూచెను?’ అను ప్రశ్న 80 బైట్లు. అదే ప్రశ్న ఇంగ్లీషులో 35 లోపే సరిపోవును. పక్కకు 57 గళ్లు ఉన్న కోడ్‌లో, మధ్యరకపు స్థాయితో, 213 బైట్లు పట్టును. అనగా సుమారు 70 తెలుగు గుర్తులు. కాబట్టి నేరుగా నింపవలసినది ఒక చిన్న ప్రశ్నయో, ఒక వాక్యభాగపు సూచనయో మాత్రమే. అధ్యాయము మొత్తము నింపుటకు ప్రయత్నించినయెడల గళ్లు ఇసుకరేణువులవలె అయి చౌకరకపు ఫోన్ చదువలేదు. మరియొక మాట. కొన్ని ఫోన్‌లలో కెమెరా ఆ మాటలను చూపుటకు బదులు వాటిని నెట్‌లో వెదకుమందువా అని అడుగుతుంది. ముందుగా రెండు మూడు ఫోన్‌లలో పరీక్షించి చూచుకొనవలెను.

లింకు విషయములో మాకు జరిగిన ఒక అనుభవము చెప్పుట మేలు. ఒక సెలవుల బైబిలు పాఠశాల కొరకు పద్నాలుగు పటములు సిద్ధము చేశాము. కోడ్‌లను ఒక ఉచిత సేవలో తయారుచేసుకొన్నాము. అవి నేరుగా మా శబ్దములకు వెళ్లక మొదట ఆ సేవ వారి యంత్రమునకు వెళ్లి, అక్కడనుండి మళ్లింపబడుచున్నవని మేము గమనించలేదు. మొదటి వారము అన్నియు పనిచేశాయి. రెండవ వారము సోమవారము ఉదయము పిల్లలు స్కాన్ చేయగా, గడువు ముగిసినది, డబ్బు చెల్లించవలెను అను ప్రకటన వచ్చినది. పద్నాలుగు పటములమీదను అదే. ఒక చిన్నపిల్ల తన నిర్గమకాండపు పటము ఎదుట నిలువబడి, డబ్బు కట్టితేనే మోషే మాట్లాడతాడా అని అడిగినది. ఆ దినము పాఠము మేము నోటితోనే చెప్పాము. అప్పటినుండి మారని రకపు కోడ్‌లను మాత్రమే, మా అధీనములో ఉన్న చోటునకు నేరుగా వెళ్లునట్లు చేసుకొనుచున్నాము. ఇతరుల వీడియోలకు లింకు పెట్టుట కూడ మానుకొన్నాము. పాఠమునకు ముందు ఏ ప్రకటన వచ్చునో మన చేతిలో లేదు, ఆ వీడియో రేపు ఉండునో లేదో తెలియదు.

ఒక పటము: పౌలు రెండవ సువార్త ప్రయాణము

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయమును బోధించునప్పుడు మేము చేసిన దానిని వివరిస్తాము. పటము పాతదే, పేర్లు ఇంగ్లీషులో ఉన్నవి. పైన తెలుగు పేర్లు చీటీలుగా అతికించాము. కోడ్‌లు మూడే పెట్టాము. మొదట ప్రతి పట్టణమునకు ఒకటి చొప్పున పెట్టవలెనని విద్యార్థులు కోరారు. అప్పుడు పటము మశూచి వచ్చిన ముఖమువలె కనబడుతుందని వద్దన్నాము.

త్రోయ దగ్గర ఉన్న కోడ్‌లో నెట్ అక్కరలేని ప్రశ్న ఒకటి. 16:8లోను 16:10లోను క్రియాపదములను పోల్చి, ఏమి మారినదో చూడుడి. అంతే. విద్యార్థి బైబిలు తెరువక తప్పదు. 8వ వచనములో వారు అని సాగుచున్న కథనము 10వ వచనములో మేము అని మారుతుంది. ఎవరో వచ్చి చేరారు. గ్రంథకర్త ఇక్కడ ఓడ ఎక్కెనా? ఫిలిప్పీ తరువాత ఆ ‘మేము’ ఎక్కడ ఆగుతుంది, 20వ అధ్యాయములో మరల ఎక్కడ మొదలవుతుంది? గ్రీకు పాఠమును చదువు విద్యార్థులు ఈ ‘మేము’ భాగములను గూర్చిన పండితుల చర్చలోనికి దీనిద్వారానే ప్రవేశించారు. ఉపన్యాసముగా చెప్పినప్పుడు ఈ విషయము నోటుపుస్తకములో ఒక వాక్యమై ఆగిపోయేది. తామే కనుగొన్నప్పుడు దానికొరకు వాదించుకొన్నారు.

నెయపొలి దగ్గర ఉన్న కోడ్ శబ్దమునకు దారి. త్రోయ, సమొత్రాకే, నెయపొలి, ఫిలిప్పీ అను పేర్లను మా సహాధ్యాపకుడొకరు మెల్లగా పలికి, నేటి గ్రీసు దేశములో నెయపొలి కవాలా అను ఓడరేవు పట్టణమని రెండు నిమిషములలో చెప్పాడు. చిన్న విషయమే. కాని ప్రసంగవేదికమీద ఈ పేర్లు చదువుటకు తడబడు యౌవన కాపరులకు ఇది ఎక్కువగా ఉపయోగపడినది.

ఫిలిప్పీ దగ్గర ఉన్నదియే మేము ముఖ్యమని తలంచునది. 16:13లో నదీతీరమున కూడివచ్చిన స్త్రీలను గూర్చి ఉన్నది. తుయతైర పట్టణస్థురాలైన లూదియ యిల్లు ఆ పట్టణములో సంఘమునకు తొలి చోటు. అక్కడ కోడ్ స్కాన్ చేసినయెడల ఫిలిప్పీని గూర్చి ఏమియు వినబడదు. ప్రక్క గ్రామపు స్త్రీల సమాజములో ఒక వృద్ధురాలు, తమ పాకలో మొదటి ప్రార్థన కూటము ఎట్లు జరిగెనో చెప్పిన మూడు నిమిషముల మాటలు వినబడతాయి. ఆపై పటము క్రింద కాగితముమీద ఒక ప్రశ్న: ఈ రెండు కథలలో తలుపు తెరచినది ఎవరు?

ఫోన్‌లు లేనివారు, ఫోన్‌లు ఉన్నవారు

ఫోన్ లేని విద్యార్థి సిగ్గుపడు గదిలో ఈ పద్ధతి పెట్టరాదు. నలుగురికి ఒక ఫోన్ చాలును, అదియు ఉపాధ్యాయునిది. నలుగురు ఒక ఫోన్ చుట్టూ చేరినప్పుడు వారు మాట్లాడుకొంటారు. ఎవరి ఫోన్ వారి చేతిలో ఉన్నప్పుడు నిశ్శబ్దము, ఆపై వాట్సాప్. సిగ్నల్ లేనిచోట శబ్దపు ఫైళ్లను ముందుగానే ఫోన్‌లో దించుకొని 1, 2, 3 అని పేర్లు పెట్టి, కోడ్‌లో ‘2వ శబ్దము వినుడి’ అని నేరుగా నింపవచ్చును. అప్పుడు కోడ్ ఎందుకు, అంకె వ్రాసినచాలదా అని ఒక విద్యార్థి అడిగాడు. చాలును. కొమేనియస్‌కు చాలినది మనకును చాలును. కోడ్ లేకుండ జరుగు పనికి కోడ్ పెట్టనక్కరలేదు.

ముద్రను గూర్చిన భయము

ఇట్టి పటము సంఘములో తగిలించినప్పుడు కాపరికి ఎదురగు మొదటి ప్రశ్న సాంకేతికమైనది కాదు. ఇది ప్రకటన గ్రంథములోని మృగము ముద్రకు సంబంధించినదా అని పెద్దలు అడుగుతారు. మూడు మూలలలో మూడు చతురస్రములు ఎందుకున్నాయని మమ్మును ఒకరు అడిగారు. ఈ భయమును పరిహసించుట కాపరికి తగదు. ప్రకటన 13ను నిర్లక్ష్యముచేయుటకంటె దానికి భయపడుట మేలు.

ఈ భయము చారల బార్‌కోడ్ కాలమునుండి వచ్చినది. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రపు ట్రాయ్ పట్టణములో ఒక దుకాణమున చూయింగ్ గమ్ పొట్లముమీద దానిని మొదటిసారి చదివించారు. ఆ చారలలో మొదట, నడుమ, చివర ఉండు జంట గీతలు 6 అంకెకు గుర్తైన గీతలను పోలి ఉండుట వలన 666 అను ప్రచారము బయలుదేరినది. ఆ జంట గీతలు అంకెలు కావు, చదువు యంత్రమునకు హద్దులు మాత్రమే. దానిని రూపొందించిన జార్జ్ లారర్ కూడ ఆ పోలిక యాదృచ్ఛికమనియే చెప్పాడు. క్యూఆర్ కోడ్‌లో ఆ గీతలు కూడ లేవు. ముందు చెప్పినట్లు మూడు చతురస్రములు దిక్కు చూపుటకే.

అయితే కాపరి జవాబు ఇంతటితో ఆగరాదు. 13:16లో ముద్ర అని తర్జుమా చేయబడిన గ్రీకు మాట ఖరగ్మ. అపొస్తలుల కార్యములు 17:29లో మనుష్యుడు తన నైపుణ్యముతో మలచిన విగ్రహమును గూర్చి అదే మాట వాడబడినది. ఆ కాలపు పత్రములమీద చక్రవర్తి ముద్రకును ఇదే పేరు. ప్రకటన గ్రంథములో ఆ ముద్ర నమస్కారముతో కలిసియే కనబడుతుంది. 13:15నుండి 14:11 వరకు ఏకముగా చదివినప్పుడు, ఎవరిని ఆరాధించుచున్నావు అనునది అక్కడి ప్రశ్న అని తెలియును. 14:1లో గొఱ్ఱెపిల్ల నామము నొసళ్లయందు గలవారిని చూపుట ఆ ప్రశ్నకు ప్రక్కనే ఉంచిన జవాబు. గోడమీద కాగితమును స్కాన్ చేయుట ఆరాధన కాదు. మరియు మా సంఘములో కొందరు పెద్దలు ఈ వివరణ విన్న తరువాత కూడ ఫోన్ తీయలేదు. వారికి ఆ శబ్దమును ఉపాధ్యాయుడే వినిపించాడు. బలహీన మనస్సాక్షిగల సహోదరుని విషయమై రోమా 14 ఇక్కడ కూడ వర్తించును.

నిజముగా భయపడవలసినది మరియొకటి ఉన్నది. మన కోడ్‌మీద మోసగాడు తన కోడ్ అతికించవచ్చును. కావున బోధ గోడమీద కానుకల కోడ్ పెట్టవద్దని మా గట్టి అభిప్రాయము. పిల్లలకు రెండును ఒకటిగా కనబడును. డబ్బు పొందుటకు ఎవరును పిన్ కొట్టనక్కరలేదని, పిన్ కొట్టుట డబ్బు పంపుటకేనని సంఘములోని వృద్ధులకు చెప్పుట కూడ ఈనాడు కాపరి పనిలో భాగమే.

సంఘ చరిత్ర గోడ

పటములకంటె ఈ పద్ధతి ఎక్కువగా అవసరమైన గోడ ఒకటి ప్రతి పాత సంఘములో ఉన్నది. వెస్ట్రీ గదిలోనో, వసారాలోనో, చెక్క చట్రములలో పాత ఫోటోలు. తెల్లపంచెలు కట్టిన పెద్దలు, కుర్చీలో ఒక మిషనరీ, నేలమీద కూర్చున్న పిల్లలు. క్రింద సంవత్సరము చెరిగిపోయి ఉంటుంది. వారెవరని అడిగితే ఒక్క పేరైనను చెప్పగలవారు సంఘమునకు ఒకరో ఇద్దరో మిగిలి ఉన్నారు.

1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరని మన విద్యార్థులందరును పరీక్షలో వ్రాస్తారు. మిషనరీ జాన్ క్లౌ పేరు, కరవు సంవత్సరములు, బకింగ్‌హాము కాలువ పనులు కూడ వ్రాస్తారు. క్లౌ తన జ్ఞాపకములను విడిచిపెట్టి వెళ్లాడు. ఆ 2,222 మందిలో చాలామంది చదువురానివారు. వారి కథ మనుమలకు, మనుమరాండ్రకు నోటిమాటగా వచ్చినది. ఆ నోటిమాట చెప్పగల తరము ఇప్పుడు వెళ్లిపోవుచున్నది. గిల్గాలులో రాళ్లు ఉండి తండ్రులు లేకపోయినట్లే.

కావున కాపరులను మేము కోరునది, మొదటి కోడ్‌ను ఈ ఫోటోల క్రింద పెట్టుడి. ఫోన్‌లో ఉన్న రికార్డరు చాలును. ఫంకా ఆపివేయుడి, వీధి తలుపు వేయుడి. ఊరి పేరు, వారి పేరు, సంవత్సరము మొదట చెప్పించుడి. సాక్ష్యము చెప్పుమని అడిగినయెడల వారు ప్రసంగమువలె చెప్పుదురు. అందుకు బదులు, మీ ఇంటిలో మొదట ఎవరు నమ్మారు, ఆనాడు ఊరివారు ఏమన్నారు, ప్రార్థన ఎక్కడ చేసుకొనేవారు అని అడుగుడి. మూడు నిమిషములకు మించినది వినువారు తక్కువ, పొడవైన రికార్డును భద్రపరచి అందులోనుండి మూడు నిమిషములు తీయుడి. ఫైలును మూడు చోట్ల దాచుడి. ఎప్పుడో ఒకనాడు లింకు చచ్చిపోవును గనుక, ఆ మాటల సారమును కాగితముమీద వ్రాసి చట్రము వెనుక అంటించుడి. చెప్పినవారి అనుమతి తప్పక తీసుకొనుడి. కొత్తగా బాప్తిస్మము పొందినవారి పేర్లు, ముఖములు, పిల్లల ఫోటోలు ఎవరైనను తెరువగల లింకులో ఎన్నడును పెట్టవద్దు. సాక్ష్యము చెప్పినవారికి దానివలన కీడు కలుగరాదు.

పైన ఫిలిప్పీ దగ్గర చెప్పిన వృద్ధురాలు ఆ రికార్డు చేసిన సంవత్సరములోనే ప్రభువునందు నిద్రించారు. ఆమె మాటలలో, కూటమునకు వచ్చిన ఆడవారు కాళ్లు కడుగుకొనిన ఒక దిగుడుబావి ప్రస్తావన ఉన్నది. ఒక ఆదివారము ఆ శబ్దమును విన్న పిల్లలు ఆ బావి ఎక్కడ ఉన్నదని ఉపాధ్యాయురాలిని అడిగారు. ఆమెకు తెలియదు, కాపరికిని తెలియదు. పిల్లలు మధ్యాహ్నము ఊరిలో ముగ్గురు పెద్దలను అడిగి వచ్చారు. ఇద్దరు రెండు వేర్వేరు చోట్లు చెప్పారు. మూడవ పెద్దాయన కఱ్ఱ పట్టుకొని తానే వారిని వెంటబెట్టుకొని వెళ్లి, పంచాయతీ వారు పూడ్చి సిమెంటు వేసిన చోటును చూపించారు. అక్కడ నిలుచుండి ఆయన చెప్పిన మాటలు ఇప్పుడు ఆ గోడమీద రెండవ కోడ్‌లో ఉన్నాయి.